బీమా అక్కడ, కుటుంబం ఇక్కడ

సౌదీ అరేబియాలో విదేశీ కార్మికుడికి ఆరోగ్య బీమా లేకపోతే అకామా, అంటే అక్కడి నివాస అనుమతి కార్డు, రెన్యూవల్ కాదు. అకామా గడువు దాటితే బ్యాంకు పని ఆగిపోతుంది, ఊరికి వచ్చిపోయే ఎగ్జిట్ రీఎంట్రీ వీసా దొరకదు, రోడ్డు మీద పోలీసు ఆపితే చూపించడానికి చేతిలో ఏమీ ఉండదు. అందుకే జీతాలు నెలల తరబడి ఆపే కంపెనీకి కూడా బీమా దగ్గర ఆటలు సాగవు. ఈ ముడి వేసింది 1999లో రాజశాసనంతో వచ్చిన సహకార ఆరోగ్య బీమా చట్టం. అమలు మొదలవడానికి ఆరేడేళ్లు పట్టింది. ముందు 500 మందికి పైగా విదేశీయులను పెట్టుకున్న కంపెనీలు, ఆ వెనుక వంద దాటినవి, చివరికి అన్నీ దాని కిందికి వచ్చాయి. ఉద్యోగికే కాదు, అతని భార్యాపిల్లలకు కూడా బీమా చేయించే బాధ్యత యజమానిదే. ఎగ్గొడితే బకాయి ప్రీమియం కక్కించడమే కాక తలకు ఏడాది ప్రీమియం దాకా జరిమానా వేయొచ్చు, కొత్తగా మనుషులను రప్పించుకునే హక్కునే తీసేయొచ్చు. 2022 అక్టోబరు నుంచి ఒక్కొక్కరి వార్షిక పరిమితి 5 లక్షల రియాళ్ల నుంచి 10 లక్షలకు పెరిగింది. మన లెక్కలో రెండు కోట్ల రూపాయల పైమాటే.

కాగితం మీద చూస్తే ఇంత మంచి బీమా మన దేశంలో రోజుకూలీకి దొరకడం అరుదు. అయినా జగిత్యాల, సిరిసిల్ల, నిజామాబాద్ వైపు ఇంటికొకరు గల్ఫ్‌లో ఉన్న ఊళ్లకు వెళ్లి అడిగితే, కంపెనీ బీమాతో భార్యకు కాన్పు అయిందనో తల్లికి ఆపరేషన్ జరిగిందనో చెప్పే ఇల్లు దొరకడం కష్టం. ఇందులో మోసమేమీ లేదు, కంపెనీ ఎగ్గొట్టిందీ లేదు. చట్టం కుటుంబమని గుర్తించేది అకామా చేతిలో పెట్టుకుని అక్కడ కాపురమున్న భార్యాపిల్లలను మాత్రమే. ఊళ్లో ఉండి ఆ జీతం మీద బతికేవాళ్లు దాని కంటికి కనబడరు.

మరి అక్కడ కాపురం పెట్టగలిగేది ఎవరు? కువైట్‌లో 2024 జనవరి నుంచి ఫ్యామిలీ వీసా కావాలంటే జీతం నెలకు 800 దినార్లు ఉండాలన్నారు, పైగా డిగ్రీ కూడా అడిగారు. యూఏఈలో 4,000 దిర్హాములు, లేదా 3,000తో పాటు కంపెనీ ఇల్లు. సౌదీలో జీతం కంటే ముందు అకామా మీద రాసిన వృత్తిని చూస్తారు. వెయ్యి, పన్నెండు వందల రియాళ్లకు సెంట్రింగ్ పనిచేసే మనిషి ఈ గడపల్లో దేన్నీ దాటలేడు. దాటేది ఇంజనీరు, నర్సు, అకౌంటెంట్. కుటుంబానికి బీమా ఇచ్చేది ఒక చట్టం, కుటుంబాన్ని తెచ్చుకోవడానికి ఎవరు అర్హులో తేల్చేది ఇంకో నిబంధన. రెండూ కలిసేసరికి ఎక్కువ జీతం ఉన్నవాడి ఇంటికి బీమా, తక్కువ జీతం ఉన్నవాడి ఇంటికి సున్నా. ఇది ఎవరో పనిగట్టుకుని చేసిన అన్యాయమని నేను అనను. అయితే ఇన్నేళ్లలో దీన్ని అన్యాయంగా గుర్తించి, మన వైపు నుంచి ఒక్క ఒప్పందం బల్ల మీద ఎవరైనా గట్టిగా అడిగిన దాఖలా కనబడదు.

గల్ఫ్ అంతా ఒకే పద్ధతి కూడా కాదు. అబుదాబిలో 2005 నాటి చట్టం ఉద్యోగితో పాటు ఒక భార్య, 18 ఏళ్ల లోపు ముగ్గురు పిల్లల దాకా బీమా భారాన్ని యజమాని మీదే పెట్టింది. అక్కడి నుంచి గంటన్నర కారు ప్రయాణం దూరంలో ఉన్న దుబాయ్‌లో 2013 చట్టం యజమానికి ఉద్యోగి వరకే బాధ్యత అప్పగించింది. భార్యాపిల్లల బీమా వాళ్ల వీసాకు స్పాన్సర్‌గా ఉన్న ఉద్యోగే కట్టుకోవాలి, కంపెనీ కడితే అది దాని మంచితనం. ఒకే దేశం, ఒకే జెండా, రెండు రకాల భర్తలు. షార్జా, అజ్మాన్, రస్ అల్ ఖైమా వంటి మిగతా ఎమిరేట్లలో ప్రైవేటు కార్మికులకూ ఇంటిపని వాళ్లకూ బీమా తప్పనిసరి అయింది 2025 జనవరి 1 నుంచే. ఏడాదికి 320 దిర్హాముల నుంచి మొదలయ్యే కనీస ప్యాకేజీ అది. కువైట్‌ది ఇంకో దారి. 1999 చట్టం కింద ఏడాదికి తలకు 50 దినార్లు చొప్పున ఏళ్ల తరబడి వసూలు చేస్తూ ప్రభుత్వ ఆస్పత్రుల్లోనే చూపించుకోమంది. ఆ మీద 2022 చివర్లో విదేశీయులకు మందుల రుసుము కూడా పెట్టింది.

సౌదీ కథలో ఇంకో మెలిక ఉంది. భార్యాపిల్లలకు బీమా ఇవ్వాలని కంపెనీకి చెప్పిన రాజ్యమే 2017 జూలై నుంచి విదేశీయుడి మీద ఆధారపడిన ఒక్కో మనిషికి నెలకు 100 రియాళ్ల రుసుము మొదలుపెట్టింది. ఏటా వంద పెంచుకుంటూ 2020కల్లా 400 చేసింది. భార్య, ఇద్దరు పిల్లలు ఉన్న గుమాస్తా ఏడాదికి 14,400 రియాళ్లు కట్టాలి, అదీ ముందుగానే, అకామా రెన్యూవల్ రోజునే. మూడున్నర, నాలుగు వేల జీతంలో మూడోవంతు దాకా పోతే ఇక తినేదేమిటి? వేల కుటుంబాలు సామాను కట్టుకుని హైదరాబాద్‌కూ మలప్పురానికీ వచ్చేశాయి. టోలీచౌకి, మెహదీపట్నం స్కూళ్లలో ఏడాది మధ్యలో అడ్మిషన్ల కోసం తిరిగిన తల్లులకు ఆ రోజులు గుర్తుండే ఉంటాయి. కుటుంబం విమానం ఎక్కిన రోజే కంపెనీ బీమా నుంచి నాలుగు పేర్లలో మూడు కొట్టేశారు. చట్టంలో ఒక్క అక్షరం మారలేదు.

ఇప్పుడు ఒక ఇంటిని ఊహించుకుందాం. కోరుట్ల, మెట్‌పల్లి దగ్గర అలాంటి ఇళ్లు వీధికి నాలుగుంటాయి కాబట్టి ఊహకు పెద్దగా పని లేదు. మనిషి రియాద్‌లో హెల్పర్. ఇంట్లో భార్య, చదువుకునే ఇద్దరు పిల్లలు, షుగరున్న తల్లి. వానాకాలంలో పిల్లాడికి జ్వరం తగ్గక ప్లేట్‌లెట్లు పడిపోతే జగిత్యాలలో ప్రైవేటు ఆస్పత్రికి తీసుకెళ్తారు. కౌంటర్ దగ్గర అడిగే మొదటి మాట అడ్వాన్సు ఎంత కడతారని. భార్య వాట్సాప్‌లో ఫోన్ చేస్తుంది. అక్కడ డ్యూటీలో ఉన్న మనిషి మధ్యాహ్న భోజన విరామం దాకా ఫోన్ ఎత్తలేడు. ఎత్తాక, జీతం పడటానికి ఇంకా పది రోజులుందని, రూమ్‌లో ఎవరినైనా అడిగి పంపుతానని అంటాడు. ఈలోపు నూటికి మూడు రూపాయల మిత్తికి పక్కింట్లో ముప్ఫై వేలు, చాలకపోతే మెడలో పుస్తెలతాడు ఫైనాన్స్ కంపెనీకి. అదే సమయంలో ఆ మనిషి పర్సులో ఒక ప్లాస్టిక్ కార్డు ఉంటుంది. పేరు, అకామా నంబరు, పాలసీ గడువు, పక్కన 'సీ' అని క్లాసు. ఇంజనీర్లకు వీఐపీ, సూపర్‌వైజర్లకు ఏ, బీ, హెల్పర్లకు సీ. క్లాసును బట్టి మారేది వెళ్లగలిగే ఆస్పత్రుల జాబితా. ఆ అట్టడుగు సీ కార్డుకు కూడా 10 లక్షల రియాళ్ల పరిమితి ఉంది. ఆ డబ్బులో ఒక్క హలాలా (సౌదీ పైసా) జగిత్యాల దాకా రాదు.

కడప, రాయచోటి, కోనసీమల నుంచి కువైట్ ఇళ్లలో పనికి వెళ్లిన ఆడవాళ్ల పరిస్థితి దీనికి ఇంకాస్త దిగువన ఉంటుంది. వాళ్లకు యజమాని అంటే కంపెనీ కాదు, ఒక ఇంటి పెద్ద. ఇంటిపని మనిషికి బీమా అనే ఆలోచనే గల్ఫ్‌లో చాలాచోట్ల కొత్త. సౌదీలో నలుగురికి మించి పనివాళ్లను పెట్టుకున్న ఇళ్లకు 2024 జూలై నుంచి తప్పనిసరి చేశారు. ఒక్క పనిమనిషే ఉన్న ఇంటికి ఆ నిబంధన వర్తించదు. ఆ ఆడమనిషి పిల్లలు ఊళ్లో అమ్మమ్మ దగ్గర ఉంటారు. ఆ అమ్మమ్మకు మోకాళ్లు, పిల్లలకు జ్వరాలు. వాళ్లను ఏ దేశపు బీమా చట్టం కుటుంబమని పిలవాలి?

మన ప్రభుత్వం ఏం ఇస్తోంది? ప్రవాసీ భారతీయ బీమా యోజన 2003లో మొదలైంది, 2017లో ఇప్పటి రూపానికి వచ్చింది. పదో తరగతి పాసు కాక ఈసీఆర్ పాస్‌పోర్టుతో గల్ఫ్ దేశాలకు పనికి వెళ్లేవారు విమానం ఎక్కేముందు ఇది తీసుకోక తప్పదు. రెండేళ్లకు 275 రూపాయలు, మూడేళ్లకు 375, పన్ను అదనం. ప్రమాదంలో చనిపోయినా శాశ్వతంగా అంగవికలుడైనా 10 లక్షలు. కార్మికుడి ఆస్పత్రి ఖర్చుకు లక్ష దాకా. కుటుంబానికి కూడా ఒక అంశం ఉంది, అది చదివితే ఎవరికైనా చివుక్కుమంటుంది. భార్యకు, మొదటి ఇద్దరు పిల్లలకు ఇండియాలో 50,000 రూపాయల దాకా ఆస్పత్రి ఖర్చు ఇస్తారు. ఎప్పుడు? కార్మికుడు ప్రమాదంలో చనిపోయాక, లేదా మంచాన పడ్డాక. అతను బతికుండి, కష్టపడి, డబ్బు పంపుతున్నంత కాలం ఆ కుటుంబానికి జబ్బు చేయదని పథకం రాసినవారి నమ్మకం కాబోలు. తల్లిదండ్రుల పేరెత్తలేదు.

ఇంతకంటే పెద్ద లోపం ఆ 'ప్రమాదంలో' అన్న షరతు. శంషాబాద్ విమానాశ్రయంలో దిగే శవపేటికల వెంట వచ్చే కాగితాల్లో గుండెపోటు అన్న కారణం ఎంత తరచుగా కనబడుతుందో ఆ పెట్టెల కోసం అంబులెన్సు పట్టుకుని వచ్చే ఊరివాళ్లకు తెలుసు. యాభై డిగ్రీల ఎండలో పనిచేసి, రాత్రి గదిలో పడుకుని, తెల్లారి లేవని మనిషిది సహజ మరణమే. సహజ మరణానికి ఈ పథకం పైసా ఇవ్వదు. ఆంధ్రప్రదేశ్ తరఫున నడిచే ప్రవాసాంధ్ర భరోసా బీమా 10 లక్షలు కూడా ప్రమాదానికే. తెలంగాణ ప్రభుత్వం 2024లో గల్ఫ్ మృతుల కుటుంబాలకు 5 లక్షల సాయం ప్రకటించి కొంత ఊరట కలిగించింది. అయితే అది సాయం, బీమా కాదు. చావు తర్వాత వచ్చేది, జబ్బుకు రానిది.

ఇదంతా ఇంతే, ఎవరూ మార్చలేరు అనుకునేవారికి దుబాయ్ నుంచే ఒక ఉదాహరణ ఉంది. 2024 మార్చి నుంచి అక్కడి భారత కాన్సులేట్ చొరవతో బ్లూకాలర్ కార్మికుల కోసం ఒక జీవిత బీమా ప్యాకేజీ వచ్చింది. ఏడాదికి 37 నుంచి 72 దిర్హాముల ప్రీమియం. కట్టేది కంపెనీ. కార్మికుడు చనిపోతే కుటుంబానికి 35,000 నుంచి 75,000 దిర్హాముల దాకా వస్తుంది, ప్రమాదమైనా సరే, గుండెపోటైనా సరే. మన దగ్గర ఇరవై ఏళ్లుగా సాధ్యం కాదన్న సహజ మరణ బీమా అక్కడ 72 దిర్హాములకు సాధ్యమైంది. ఆ డబ్బు చేరేది యూఏఈలో ఉన్న కుటుంబానికి కాదు, ఊళ్లో ఉన్న కుటుంబానికి. అంటే గల్ఫ్ యజమాని కట్టిన ప్రీమియం సముద్రం దాటి మన పల్లెకు వచ్చే దారి ఒకటి ఇప్పటికే పడింది. దాని మీద జీవిత బీమా నడవగా లేనిది ఆరోగ్య బీమా ఎందుకు నడవదు?

నడుస్తుందని నా అభిప్రాయం. దానికి రెండు పాత నమూనాలు ఉన్నాయి. ఒకటి ఫిలిప్పీన్స్‌ది. 2010లో ఆ దేశం తెచ్చిన చట్టం ఏజెన్సీ ద్వారా విదేశానికి వెళ్లే ప్రతి కార్మికుడికీ బీమా తప్పనిసరి చేసి, ప్రీమియం ఏజెన్సీ మీద వేసింది, దాన్ని కార్మికుడి దగ్గర వసూలు చేయకూడదంది. ప్రమాద మరణానికి కనీసం 15,000 డాలర్లు, సహజ మరణానికి 10,000, శాశ్వత వైకల్యానికి 7,500. కార్మికుడు ఆస్పత్రిలో కనీసం వారం రోజులు ఉండాల్సి వస్తే ఇంటి నుంచి ఒక మనిషి వెళ్లి చూసి రావడానికి ప్రయాణ ఖర్చు కూడా ఆ బీమాలోనే. మన కార్మికుడు కోమాలో ఉంటే ఇంటివాళ్లు వీడియో కాల్‌లో చూసి ఏడవడమే ఉంది.

రెండోది మన సొంత ఇంట్లోనే ఉంది. ఈఎస్ఐ చట్టం 1948 నాటిది. పుణెలో ఫ్యాక్టరీలో పనిచేసే మనిషి భార్యాపిల్లలు, ఆధారపడిన తల్లిదండ్రులు కరీంనగర్‌లో ఉంటే వాళ్లు ఇక్కడి ఈఎస్ఐ డిస్పెన్సరీలోనే చూపించుకోవచ్చు. ఇందుకనే ఒక దశలో రెండు కార్డులు ఇచ్చారు, ఒకటి కార్మికుడి దగ్గర, ఇంకొకటి కుటుంబం దగ్గర. యజమాని జీతం మీద 3.25 శాతం, కార్మికుడు 0.75 శాతం కడతారు. ఈఎస్ఐ ఆస్పత్రుల్లో వైద్యం ఎలా ఉంటుందన్నది వేరే చర్చ, అది మొదలుపెడితే ఈ పేజీ చాలదు. మనం తీసుకోవాల్సింది దాని పద్ధతిని. పని ఎక్కడైనా చేయి, కుటుంబం ఎక్కడ ఉంటే బీమా అక్కడ. తల్లిదండ్రులు కూడా కుటుంబమే. పుణె వెళ్లినవాడికి వర్తించే ఈ ఇంగితం రియాద్ వెళ్లినవాడి దగ్గరికి వచ్చేసరికి ఎందుకు మాయమవుతుంది?

డబ్బు లెక్క చూద్దాం. కేరళ ప్రభుత్వ సంస్థ నోర్కా రూట్స్ 2025లో ప్రవాస మలయాళీలకు గ్రూప్ ఆరోగ్య బీమా తెచ్చింది. భర్త, భార్య, 25 ఏళ్ల లోపు ఇద్దరు పిల్లలకు కలిపి ఏడాదికి 13,411 రూపాయలు. 5 లక్షల దాకా ఆస్పత్రి ఖర్చు, 10 లక్షల ప్రమాద బీమా. దిర్హాముకు 24 రూపాయల చొప్పున వేస్తే ఆ ప్రీమియం 560 దిర్హాముల దగ్గర తేలుతుంది. దుబాయ్‌లో 4,000 లోపు జీతం ఉన్న ఒక్క కార్మికుడికి కంపెనీ కొనే చవక ప్యాకేజీ ధర కూడా దాదాపు అంతే. అంటే అక్కడ ఒక మనిషికి పెట్టే ఖర్చుతో ఇక్కడ నలుగురి ఇంటికి బీమా దొరుకుతుంది. నెలకు 47 దిర్హాములు. కంపెనీ తప్పుడు లెక్కలతో కార్మికుడి ఓవర్‌టైమ్‌లో కోసేదానికంటే ఇది తక్కువే. కేరళ పథకంలో కూడా ప్రీమియం కట్టేది ప్రవాసే, యజమాని కాదు. ఆ ఒక్క మార్పు చేయగలిగితే కేరళను దాటి వెళ్లినట్టే.

యజమాని ఎందుకు కడతాడు అన్నది న్యాయమైన ప్రశ్న. అడగకపోతే కట్టడు. అడగాల్సిన చోటు ఈ-మైగ్రేట్. ఈసీఆర్ కార్మికుడిని తీసుకెళ్లే విదేశీ యజమాని ఉద్యోగ ఒప్పందాన్ని ఆ పోర్టల్‌లో పెట్టి భారత ప్రభుత్వ అనుమతి పొందాలి. అందులో జీతం, వసతి, వైద్యం షరతులు ఇప్పటికే ఉన్నాయి. వాటి పక్కన ఇండియాలో కుటుంబానికి గ్రూప్ బీమా, ప్రీమియం యజమానిది లేదా రిక్రూటింగ్ ఏజెంటుది అని ఒక వరుస చేర్చాలి. ప్రీమియం రసీదు లేకుండా క్లియరెన్స్ ఇవ్వకూడదు. సౌదీ తన కంపెనీల మెడలు వంచింది ఇలాంటి ముడితోనే కదా. 1983 నాటి వలసల చట్టం స్థానంలో తేవాలనుకుంటున్న కొత్త చట్టం ముసాయిదాను కేంద్రం 2025లో బయటపెట్టింది. అది పార్లమెంటు దాకా వెళ్లేలోపు మన రెండు రాష్ట్రాల ఎంపీలు పట్టుబట్టాల్సిన వరుస ఇదే.

ఇలా షరతులు పెడితే ఉద్యోగాలు నేపాల్‌కు, బంగ్లాదేశ్‌కు పోతాయన్న భయం ఉంది. కొట్టిపారేయలేం, మనిషి ధర విషయంలో గల్ఫ్ కంపెనీ ఎంత గీచి గీచి బేరమాడుతుందో అందరికీ తెలిసిందే. కాకపోతే ఈ భయంతోనే 2020 సెప్టెంబరులో మన కేంద్ర ప్రభుత్వం గల్ఫ్ కార్మికుల కనీస వేతన పరిమితులను 30 నుంచి 50 శాతం దాకా తగ్గించింది. కార్మికులు, సంఘాలు గగ్గోలు పెట్టాక 2021లో వెనక్కి తీసుకుంది. తగ్గించి ఏం బావుకున్నామో ఇప్పటికీ ఎవరూ చెప్పలేదు. పైగా ఇక్కడ అడుగుతున్నది నెలకు యాభై రియాళ్ల లోపు. మన ఏజెంట్లు చట్టం చెప్పిన 30,000 రూపాయల సర్వీసు రుసుము దాటి లక్ష, లక్షన్నర గుంజుతున్నారు. ఆ పై డబ్బులో అయిదో వంతు చాలు ఏడాది ప్రీమియానికి. భారం ఏజెంటు మీద పడాలని నేననేది అందుకే.

ఇక్కడ ఇంకో చిక్కు ఒప్పుకోవాలి. పేరుకే స్పాన్సర్ ఉండే ఆజాద్ వీసా మీద, విజిట్ వీసా మీద వెళ్లినవారు ఈ-మైగ్రేట్ గడప తొక్కరు. కఫీల్ (స్పాన్సర్) దగ్గర నుంచి బయటికొచ్చి ఖల్లివల్లి (అక్రమ నివాసి) అయినవారికి అక్కడి బీమా కూడా ఉండదు. జ్వరం వస్తే మెడికల్ షాపులో మాత్ర, పెద్ద జబ్బయితే ఆమ్నెస్టీ (క్షమాభిక్ష) కోసం ఎదురుచూపు. వాళ్ల కుటుంబాలను యజమాని ప్రీమియంతో కాపాడటం కుదరదు. ఆ ఖాళీ పూరించాల్సింది ఇక్కడి ప్రభుత్వాలే.

ఆరోగ్యశ్రీ ఉంది కదా అంటారు. ఉంది, అది చిన్న విషయం కాదు. 2007లో మొదలైన ఆ పథకం లేకపోతే గల్ఫ్ పల్లెల్లో ఎన్ని ఇళ్లు అప్పుల్లో మునిగేవో. పరిమితిని తెలంగాణ 2023 డిసెంబరులో 10 లక్షలు చేసింది, ఆంధ్రప్రదేశ్ అదే నెలలో 25 లక్షలంది. పరిమితి పెంచడం తేలిక, ఆస్పత్రులకు బిల్లులు కట్టడమే కష్టం. 2025లో బకాయిల కోసం రెండు రాష్ట్రాల్లోనూ నెట్‌వర్క్ ఆస్పత్రులు సేవలు ఆపి రోడ్డెక్కాయి. ఇక గల్ఫ్ ఇంటికి ప్రత్యేకంగా తగిలే దెబ్బ ఆరోగ్యశ్రీకి ఆధారమైన రేషన్ కార్డు దగ్గర ఉంది. ఈకేవైసీ కోసం డీలర్ దగ్గరికెళ్లి వేలిముద్ర వేయమంటే దమ్మామ్‌లో ఉన్న మనిషి ఎలా వేస్తాడు? వేయకపోతే కార్డులో పేరు ఉంటుందో పోతుందో తెలియక ఇంటిల్లిపాదీ బెంగపడతారు. కిడ్నీలు చెడి, కంపెనీ టికెట్టు కొనిచ్చి పంపితే ఇంటికి వచ్చిన రోజున అతనికి కావలసింది ఆ పేరే. విదేశంలో ఉన్న కార్మికుడి పేరు తిరిగొచ్చేదాకా తీసేయకూడదని ఒక స్పష్టమైన ఉత్తర్వు ఇవ్వడానికి ఏ నిధులూ అక్కర్లేదు.

అమెరికా తెలుగువాళ్ల దగ్గర ఈ సమస్య తిరగబడి కనిపిస్తుంది. కుటుంబం వెంటే ఉంటుంది, బీమా కూడా ఉంటుంది, ధర మాత్రం గుండె ఆగేలా ఉంటుంది. 2025లో కంపెనీ కుటుంబ బీమా సగటు ప్రీమియం 26,993 డాలర్లు, అందులో ఉద్యోగి వాటా 6,850. ఉద్యోగం పోతే హెచ్1బీ వీసా వాళ్లకు ఆ దేశంలో ఉండటానికి 60 రోజుల గడువు. ఆ రోజుల్లో పాత బీమా నిలబెట్టుకోవాలంటే కోబ్రా అనే అక్కడి చట్టం కింద కంపెనీ వాటా కూడా కలిపి 102 శాతం తామే కట్టాలి. రియాద్‌లో హెల్పర్‌కైనా డల్లాస్‌లో సాఫ్ట్‌వేర్ ఇంజనీరుకైనా ఒకటి సమానం. తల్లిదండ్రులు ఎక్కడా లెక్కలోకి రారు. ఇంటికొచ్చి కోడలి కాన్పు చూసే అత్తగారు విజిటర్ బీమా కొనుక్కుని రావాలి, అందులో పాత బీపీకి చాలావరకు చోటుండదు.

గల్ఫ్ నుంచి తిరిగి వచ్చేసిన మనిషి సంగతి వీటన్నిటికంటే తక్కువ మాట్లాడుకునేది. పదిహేనేళ్లు గల్ఫ్‌లో పనిచేసినవాడు, ఒక్క ఏడాది కూడా బీమా తెగకుండా బతికినవాడు, నలభై అయిదో ఏట షుగరూ బీపీతో ఊరికి చేరతాడు. ఎగ్జిట్ స్టాంపు పడిన రోజే కంపెనీ కార్డు చెల్లదు. ఇక్కడ సొంతంగా పాలసీ కొందామని వెళ్తే అతను కొత్త ఖాతాదారు. ముందునుంచి ఉన్న జబ్బులకు వెయిటింగ్ పీరియడ్ అంటారు. బీమా నియంత్రణ సంస్థ 2024లో దాన్ని గరిష్ఠంగా నాలుగేళ్ల నుంచి మూడేళ్లకు తగ్గించింది. ఇండియాలో ఒక కంపెనీ నుంచి ఇంకో కంపెనీకి మారితే పాత పాలసీలో గడిపిన కాలం ఈ లెక్కలో కలుస్తుంది. సౌదీలోనో యూఏఈలోనో యజమాని కట్టిన పదిహేనేళ్లు కలవవు. ఆ ఏళ్లకు రికార్డు లేకపోలేదు, సౌదీలోనైతే అకామా నంబరు కొడితే ఆ దేశపు బీమా మండలి సైట్‌లో పాలసీ వివరాలు కనబడతాయి. దాన్ని కాన్సులేట్ ధ్రువీకరిస్తే, మన బీమా కంపెనీలు ఆ కాలాన్ని వెయిటింగ్‌లో తగ్గించాలని నియంత్రణ సంస్థ ఒక సర్క్యులర్ ఇస్తే సరిపోతుంది. భార్యాపిల్లలకు నోర్కా తరహా గ్రూప్ పాలసీ వస్తే, తిరిగొచ్చిన మనిషి కూడా మొదటి రోజు నుంచి అందులోనే చేరేలా రాసుకోవాలి. ఎందుకంటే ఆ ఇంట్లో ఆస్పత్రి అవసరం ముందుగా పడేది ఎక్కువగా అతనికే.